తలనొప్పి అని వచ్చినవాడు



ఏ రోజైనా ఉదయం ఆరు గంటల వేళ మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్ళే దారిలో కాసేపు నిలబడి చూడండి. భవన నిర్మాణ పనులకు కూలీలను తీసుకువెళ్ళే ఆటోలు, ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులు వరుసగా కనిపిస్తాయి. వాటిలోంచి ఒడియా, హిందీ, బెంగాలీ మాటలు వినిపిస్తాయి. వాటి నడుమ పాలమూరు యాస, శ్రీకాకుళం యాస కూడా చెవిన పడతాయి. ప్రపంచ దేశాలకు టీకాలు పంపే జీనోమ్ వ్యాలీ ఈ పక్కనే ఉంది. అంతటి వైద్య విజ్ఞానానికి కూతవేటు దూరంలో ఉంటూ, జీవితంలో ఒక్కసారైనా రక్తపోటు చూపించుకోనివారు ఎందరో ఉన్నారు. ఈనాటి నా మాట వారి గురించి. అంతకన్నా ముందు, నేను చేసిన ఒక పొరపాటు గురించి.

ఉద్యోగ విరమణకు కొన్నేళ్ళ ముందు ఈ ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. చుట్టుపక్కల ఇటుక బట్టీలు ఉండేవి. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల నుంచి దసరా దీపావళి దాటాక కుటుంబాలకు కుటుంబాలే వచ్చేవి. వానాకాలం మొదలయ్యే ముందు తిరిగి వెళ్ళేవి. ఊళ్ళోనే సర్దార్ చేతి నుంచి అడ్వాన్సు తీసుకునేవారు. ఇక్కడ వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్కగట్టి ఆ బాకీని తీర్చాలి. భార్య, భర్త, కాస్త ఎదిగిన బిడ్డ కలిసి తెల్లవారకముందే మట్టిలో దిగేవారు.

ఒక ఫిబ్రవరిలో ముప్పై అయిదేళ్ళ మనిషి తలనొప్పి అంటూ వచ్చాడు. వెంట సర్దార్ ఉన్నాడు. నేను తెలుగులో అడిగితే సర్దార్ జవాబు చెప్పేవాడు. "ఎండ దెబ్బ సార్, ఒక మాత్ర ఇవ్వండి చాలు." బయట ఎనభై మంది ఓపీ చీట్లు పట్టుకుని నిలబడ్డారు. నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్రలు రాసి పంపాను. పది రోజులకు మళ్ళీ వచ్చాడు, ఈసారి కడుపులో మంట కూడా ఉందన్నారు. అవే మాత్రలు రాశాను. మూడోసారి వచ్చినప్పుడు నిద్ర పట్టడం లేదన్నాడని సర్దార్ నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. బి కాంప్లెక్స్ కలిపి రాశాను. బీపీ మిషన్ నా బల్లమీదే ఉంది. మూడుసార్లలో ఒక్కసారి కూడా అతని చేతికి ఆ పట్టీ చుట్టలేదు.

నెల తిరగకుండానే అతన్ని ట్రాక్టర్ ట్రాలీలో పడుకోబెట్టి తెచ్చారు. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. రక్తపోటు 210/130. నగరంలోని పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు చేస్తుండగా అతని భార్య ఏదో పదేపదే అడుగుతోంది. ఒడియా తెలిసిన ఒకతను ఆమె మాటలను తెలుగులోకి మార్చి చెప్పాడు. "రాత్రిళ్ళు లేచి కూర్చుని ఇటుకలు లెక్కపెట్టుకుంటాడు. ఇంకా సగం బాకీ ఉంది. ఇప్పుడు ఎవరు చేస్తారు?" ఆయన బతుకుతాడా అని కాదు, బాకీ ఎవరు తీరుస్తారు అని ఆమె అడిగింది. మూడుసార్లు నా ఎదుట కూర్చున్న ఆ మనిషి రోగం పేరు ఆ క్షణంలో నాకు తెలిసింది.

ఇక్కడ వైద్యుడిగా ఒక మాట స్పష్టం చేయాలి. అతని పక్షవాతానికి చింత ఒక్కటే కారణమని నేను అనను. వంశపారంపర్యం, ఉప్పు, ఖైనీ, నిద్రలేమి, అన్నీ కలిసే ఉంటాయి. నేను రాసిన నొప్పి మాత్రలు సైతం రక్తపోటును పెంచగలవు, కడుపు మంటను పెంచగలవు, ఎండలో నీళ్ళు చాలక పనిచేసేవారి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ఆ చిట్టాలో నా చేవ్రాలు కూడా ఉంది.

అయితే చింత శరీరాన్ని ఎలా తాకుతుంది? పాము కనిపిస్తే గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. మూత్రపిండాల పైనున్న చిన్న గ్రంథుల నుంచి అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. పాము వెళ్ళిపోతే అన్నీ మామూలుకు వస్తాయి. ఇది ప్రకృతి మనకిచ్చిన రక్షణ. మరి పాము వెళ్ళకపోతే? బాకీ, కూలి అందుతుందో లేదోనన్న సందేహం, ఊళ్ళో విడిచివచ్చిన తల్లి జబ్బు, భాష తెలియని చోట పోలీసు భయం, ఇవన్నీ ఎంతకీ వెళ్ళిపోని పాములు. శరీరం నెలల తరబడి ఆపదలో ఉన్నట్టే నడుస్తుంది. రక్తనాళాలు గట్టిపడతాయి, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది, మధుమేహం దగ్గరవుతుంది, నిద్ర చెడుతుంది, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. ఇలా పేరుకుపోయే అరుగుదలకు 1993లో బ్రూస్ మెక్ ఎవెన్, ఎలియట్ స్టెల్లర్ అనే శాస్త్రవేత్తలు అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. బరువు మోసే బండికి ఇరుసు అరిగినట్టు అనుకోండి.

ఇది మన దేశపు వలసలకే పరిమితం కాదు. మెక్సికో తదితర దేశాల నుంచి అమెరికా వెళ్ళిన హిస్పానిక్ ప్రజలు పేదలైనప్పటికీ, వారి పేదరికాన్ని బట్టి ఊహించినదానికన్నా ఆరోగ్యంగా ఉన్నారని 1986లో మార్కిడెస్, కొరీల్ అనే పరిశోధకులు చూపారు. అక్కడ ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మేలు తరిగిపోతుందని తరువాతి అధ్యయనాలు ఎన్నో చెప్పాయి. 1976లో మైకేల్ మార్మట్, లెనార్డ్ సైమ్ శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లోని 3,809 మంది జపాన్ సంతతి పురుషులను పరిశీలించారు. తమవారితో, తమ సంప్రదాయంతో గట్టి బంధం నిలుపుకున్నవారిలో గుండెజబ్బు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. ఆ బంధం బాగా సడలినవారిలో మూడు నుంచి అయిదు రెట్లు ఎక్కువగా ఉంది. ఆహారం, పొగతాగడం, రక్తపోటు వంటి మామూలు కారణాలను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. పక్కన మనవాడు ఒకడుండటం కూడా గుండెకు ఒక రక్షణ అన్నమాట.

2020 ఏప్రిల్, మే నెలల్లో 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ మీదుగా ఉత్తరానికి నడిచి వెళ్ళినవారిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కార్మికుల కోసం దేశంలోనే తొలి ప్రత్యేక రైలు బయలుదేరింది. వందల మైళ్ళు మండుటెండలో ఎందుకు నడుస్తున్నారని అప్పుడు కొందరు నన్ను అడిగారు. కూలి పోయింది, తోడు లేదు, రేపేమవుతుందో తెలియదు. అలాంటప్పుడు కాళ్ళు ఇంటివైపే నడుస్తాయి. మీ పిల్లలు అమెరికాలో వీసా కాగితం కోసం ఎదురుచూస్తూ నిద్రపోని రాత్రులు మీకు తెలుసు. హార్మోన్లకు జీతంలో తేడా తెలియదు. అయితే మీ అబ్బాయికి బీమా ఉంది, వైద్యుడితో మాట్లాడే భాష ఉంది. ఈ కూలికి ఆ రెండూ లేవు.

మనం ఏం చేయగలం? మీ ఇంట్లో బీపీ మిషన్ ఉంటే వాచ్‌మన్‌ను, ఎదుట కడుతున్న ఇంటి కూలీని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, కాస్త ఎడంతో రెండుసార్లు చూడండి. వేర్వేరు రోజుల్లో 140/90 లేదా అంతకు మించి వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ, బస్తీ దవాఖానాకు గానీ పంపండి. అక్కడ మాత్రలు ఉచితం. తలనొప్పి లేదు కదా అని మాత్రలు మానవద్దని చెప్పండి. నొప్పి మాత్రలు రోజూ కొని మింగవద్దని కూడా చెప్పండి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో మొదటి నాలుగున్నర గంటలు అమూల్యం. మనసు భారమైనవారు 14416కు, అంటే టెలీ మానస్‌కు, ఫోన్ చేస్తే పలు భారతీయ భాషల్లో ఉచితంగా మాట్లాడేవారున్నారు.

పని ఇచ్చేవారికి ఒక విన్నపం. చెప్పిన తేదీకి కూలి ఇవ్వండి, ఎంత బాకీ మిగిలిందో కాగితం మీద చూపించండి, వారానికి ఒకరోజు సెలవివ్వండి. ఇవి దయాధర్మాలు కావు, ఇరుసుకు వేసే కందెన. అనిశ్చితి ఎంత తగ్గితే శరీరం అంత తేరుకుంటుంది.

మా కాలనీ వాచ్‌మన్ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. ఆరు నెలల కిందట "తల బరువుగా ఉంది బాబూ, ఏదైనా మాత్ర ఉంటే ఇవ్వండి" అన్నాడు. ఈసారి మాత్ర ఇవ్వలేదు. పట్టీ చుట్టాను. 164/100. తరువాత అడిగాను, "రాత్రి నిద్ర పడుతోందా? బాకీ ఎంత ఉంది? ఇంటికి ఎప్పుడు ఫోన్ చేశావు?" అతడు చాలాసేపు మాట్లాడాడు. బాకీ ఇంకా తీరలేదు. మాత్రలు వేసుకుంటున్నాడు, రాత్రి తొమ్మిదికి భార్యతో మాట్లాడుతున్నాడు, రక్తపోటు 138కి దిగింది. గత ఆదివారం పక్క భవనంలో పనిచేసే ఒడియా కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆ కుర్రవాడికి తెలుగు రాదు. నాకు ఒడియా రాదు. వాచ్‌మన్ జవాబు చెప్పబోతే ఆగమని చేయి చూపించి, ముందు పట్టీ చుట్టాను.