పెళ్ళిచూపులనాడు ఎవరూ అడగలేదు

ఈ నాలుగు మాటలు మేమిద్దరం కలిసి వ్రాస్తున్నాము గనుక, ఎవరి సంగతి వచ్చినా ‘భార్య’, ‘భర్త’ అనే వ్రాస్తాము.

మాకు 2019లో వివాహమైంది. పెళ్ళిచూపులనాడు పెద్దలు చదువు అడిగారు, జీతం అడిగారు, ఏ సంఘమో అడిగారు, అవనిగడ్డ దగ్గరి ఎకరం పొలం ఎవరి పేరున ఉన్నదో కూడ అడిగారు. రక్తం ఏ గ్రూపని ఏ ఒక్కరూ అడగలేదు. మేమూ ఒకరినొకరం అడగలేదు.

2021లో మొదటిసారి గర్భం నిలిచింది. నాలుగో నెలలో పోయింది. ఆ రోజుల గురించి ఎక్కువ వ్రాయలేము. అప్పటికే తొందరపడి ఉయ్యాలకు కొక్కెం బిగించి ఉన్నాము. దాన్ని చూడలేక దానికి బట్టలు ఆరేసే తీగ కట్టాము. అప్పుడు చూపించుకున్న చోట ఇచ్చిన కాగితంలో భార్యది ‘ఓ నెగటివ్’ అని ఉంది. దాని భావమేమిటో అక్కడ ఎవరూ చెప్పలేదు. మేమూ కాగితం మడిచి బైబిలులో పెట్టుకున్నాము.

మరల బిడ్డ కావాలనుకున్నప్పుడు ఈసారి ముందుగానే డాక్టరుకు చూపించుకుందామని సూర్యారావుపేటలో ఒక డాక్టరమ్మ వద్దకు వెళ్ళాము. ఆమె గర్భం రాకముందు నుండే వేసుకోవాలని ఫోలిక్ ఆసిడ్ మాత్రలు వ్రాశారు. తరువాత పాత కాగితం చూచి తలెత్తారు. “గర్భం పోయినప్పుడు మూడు రోజుల లోపల యాంటి-డి ఇంజక్షను చేశారా?” అని అడిగారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూచుకున్నాము.

ఆమె చెప్పినది మాకు అర్థమైనంతవరకు ఇది. ఎర్రకణాల మీద ఆర్‌హెచ్ అనే పదార్థం ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్. మన దేశంలో నూటికి సుమారు ఐదుగురే నెగటివ్. తల్లి నెగటివ్, తండ్రి పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ కావచ్చు. కాన్పులోనో గర్భం పోయినప్పుడో బిడ్డ రక్తం కొంచెం తల్లిలో కలిస్తే, తల్లి శరీరం దాన్ని పరాయిదనుకొని ఎదిరించే పదార్థం తయారుచేసుకుంటుంది. సాధారణంగా ఆ బిడ్డకు ఏమీ కాదు. తరువాత కడుపున పడే పాజిటివ్ బిడ్డ ఎర్రకణాలను అది చంపుతుంది. బిడ్డ తీవ్రమైన కామెర్లతో పుట్టవచ్చు, కడుపులోనే చనిపోవచ్చు. వేళకు ఇంజక్షను ఇస్తే ఆ పదార్థం తయారుకాకుండా ఆగుతుంది. తయారైన తరువాత ఇంజక్షను పనిచేయదు.

భర్తది బి పాజిటివ్. అది తయారైనదో లేదో తెలిపే కూంబ్స్ పరీక్షకు రక్తమిచ్చి వచ్చాము. ఫలితం వచ్చేవరకు ఇంట్లో ఏమి వండుకున్నామో జ్ఞాపకం లేదు. ప్రార్థనకు మోకరించినా మాట వచ్చేది కాదు. తయారు కాలేదని కాగితం వచ్చింది.

2023 ఆరంభంలో మరల గర్భం వచ్చింది. అసలు చిక్కు ఏడో నెలలో వచ్చింది. తొలికాన్పు పుట్టింట జరగాలని భార్య తల్లిగారు సొంఠి, నెయ్యి, పాత మెత్తని చీరలు అన్నీ అవనిగడ్డలో సిద్ధం చేసుకున్నారు. అవసరమైతే ఓ నెగటివ్ రక్తం దొరికే చోటనే కాన్పు కావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. ఓ నెగటివ్ వారికి ఓ నెగటివ్ రక్తమే కావాలి. అవనిగడ్డ నుండి మోపిదేవి, చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు మీదుగా విజయవాడ రావాలంటే అరవై కిలోమీటర్ల పైమాటే. 2005 నుండి 108 బండి ఉన్నది, నిజమే. బండి వస్తుంది గాని అందులో ఓ నెగటివ్ రక్తం రాదు గదా!

“పురుడు పోయలేనిదాన్నని ఊరంతా అనుకోదా బాబూ? నా పిల్లలందరూ ఇంట్లోనే పుట్టారు. ఎవరు గ్రూపు అడిగారు?” అన్నారు అత్తయ్యగారు. నలుగురు పుడితే ముగ్గురు దక్కిన సంగతి ఆమె అనలేదు, మేము జ్ఞాపకం చేయలేదు. “మీరే ఇక్కడికి రండి అత్తయ్యా” అని మాత్రం భర్త అన్నాడు. వారం రోజులు ఫోను లేదు. ఎనిమిదో రోజున పటమటలో మా గుమ్మం ముందు మూడు సంచులతో ఆటో దిగారు.

ఇరవై ఎనిమిదో వారంలో ఒక ఇంజక్షను చేయించాము. మందుల షాపువారు ఐసు మధ్య పెట్టి ఇచ్చారు. ఖరీదు వేలల్లోనే ఉంది. ఆ మందు మనుష్యుల రక్తంలోని ద్రవం నుండి చేస్తారట. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన ఈ మందు కోసం తన రక్తద్రవాన్ని ఇస్తూ 2018 వరకు మొత్తం 1,173 సార్లు దానం చేశాడు. పద్నాలుగేళ్ళ వయస్సులో పెద్ద ఆపరేషనుకు ఎవరెవరిదో రక్తం ఎక్కిస్తే బ్రతికాడు గనుక తానూ ఇస్తానని మొదలుపెట్టాడట. 2025 ఫిబ్రవరిలో 88 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు.

ఇక రక్తదాతలు. ఆరాధన తరువాత పాస్టరుగారు ప్రకటన చేస్తే యౌవనస్థులు చాలమంది పేర్లిచ్చారు. ఓ నెగటివ్ ఒక్కడే, ఆటో నడిపే తమ్ముడు. మగవారు ఒకసారి ఇస్తే మూడు నెలలు ఆగాలి. “అక్క కాన్పు వరకు ఇంకెవరికీ ఇవ్వను, అత్యవసరమైతే తప్ప” అన్నాడు. అతని ద్వారానే కంకిపాడులో ఒక లెక్చరరుగారు తెలిశారు.

అక్టోబరులో, నెలలు నిండాక, సాధారణ కాన్పే అయింది. పాప ఏడ్చింది, మేమూ ఏడ్చాము. తరువాత రక్తస్రావం ఆగలేదు. తమ్ముడు వారం ముందే ఇచ్చిన రక్తం బ్లడ్ బ్యాంకులో ఉంది. అది ఎక్కించారు. రాత్రి రెండు గంటలకు ఫోను చేస్తే లెక్చరరుగారు మోటారుసైకిలు మీద వచ్చారు. అప్పటికి స్రావం తగ్గింది. ఆయన వెళ్ళిపోలేదు. “మళ్ళీ కావలసివస్తే?” అని తెల్లవారే దాక వరండాలో బల్ల మీదే కూర్చున్నారు. (తేనె నాకించబోయిన అత్తయ్యగారిని నర్సమ్మ ఆపి ముర్రుపాలు పట్టించిందీ ఆ తెల్లవారుజామునే.) పాపది బి పాజిటివ్ అని వచ్చింది. రెండో రోజున తల్లికి రెండో ఇంజక్షను చేశారు.

పాపకు రెండేళ్ళు దాటాయి. మొన్న భార్య చెల్లెలికి సంబంధం వచ్చింది. చదువు, జీతం అన్నీ అయ్యాక అత్తయ్యగారు చాప మీద ముందుకు జరిగి, “అన్నయ్యగారూ, అబ్బాయిది ఏ గ్రూపు?” అని అడిగారు. ఆయన కంగారుపడి, “ఏమమ్మా, అదేమైనా లోపమా?” అన్నారు.

“లోపమేమీ కాదండీ, సంబంధం మానుకోనక్కర లేదు. తెలిసి ఉండాలి, అంతే” అని కాఫీ గ్లాసు అందించారు.