ఇల్లు పోయింది... సామాను మిగిలింది!

అంబాజీపేట చుట్టుపక్కల ఊళ్లలో పాత మండువా లోగిలి ఏదైనా ఇంకా నిలిచి ఉంటే ఒక్కసారి లోపలికెళ్లి చూడండి. ఉయ్యాలబల్లకో చోటు, భోషాణానికో చోటు, పడక్కుర్చీకో చోటు. మండువాలోంచి దిగే ఎండ ఏ వేళకు ఏ స్తంభం దాకా వస్తుందో ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వడియాల చాట దాన్నిబట్టే జరుగుతూ ఉంటుంది. అలాంటి ఇళ్లను విప్పేస్తున్నారు. టేకు స్తంభాలూ, చెక్కడాల ద్వారబంధాలూ లారీలెక్కి ఎక్కడెక్కడి రిసార్టులకో చేరుతున్నాయి. స్తంభం అక్కడా అందంగానే ఉంటుంది. కాకపోతే అది ఏ కప్పును మోసిందో చెప్పేవాళ్లుండరు.

నవాబుల స్థాయిలో సరిగ్గా ఇలాంటి కథే హైదరాబాద్ పాతబస్తీలో జరిగింది. కోనసీమ నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి నగరంలో దిగిన కుటుంబాలు చార్మినార్‌తో పాటు తప్పకుండా చూసొచ్చే చోటే అది... సాలార్‌జంగ్ మ్యూజియం.

నయాపూల్ మీదుగా మూసీ దాటగానే కుడివైపు హైకోర్టు గుమ్మటాలు. ఎడమవైపు కొద్దిదూరంలో దారుల్‌షిఫా దగ్గర అర్ధచంద్రాకారంలో తెల్లటి భవనం. బయట ఆటోలు, బస్సులు, తోపుడుబళ్లు, ఒకరినొకరు రాసుకుంటూ నడిచే జనం. గేటు దాటితే అదంతా ఒక్కసారిగా వెనక్కి తగ్గిపోతుంది. అంత కిక్కిరిసిన చోట భవనం ముందు ఇంత ఖాళీ వదలడమే ఒక వైభవం!

ఈ భవనం నవాబుల కాలం నాటిదని చాలామంది అనుకుంటారు. కాదు. మ్యూజియం ఇక్కడికి వచ్చింది 1968లో. అంతకుముందు అది నిజంగానే నవాబుగారి ఇంట్లో ఉండేది. ఆ ఇంటి పేరు దివాన్ దేవిడి.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912 నుంచి రెండేళ్లపాటు ఏడో నిజాం దగ్గర ప్రధానిగా చేశారు. ఆ పదవి వదిలాక ఆయనకు వస్తువుల సేకరణే లోకమైపోయింది. పెళ్లి చేసుకోలేదు. తాత మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న ‘మేలిముసుగు రెబెకా’ పాలరాతి శిల్పం ఎలాగూ ఇంట్లో ఉంది. దానికి చిత్రాలు, కత్తులు, గడియారాలు, పింగాణీ, దంతపు బొమ్మలు, రాతప్రతులు జతపడుతూ పోయాయి. 1949లో ఆయన కన్నుమూసేనాటికి దేవిడీలో ఖాళీ గోడ దొరకడం కష్టమే అయి ఉండాలి. ఇప్పుడు మ్యూజియం లెక్కల్లో ఉన్న కళావస్తువులు దాదాపు 43 వేలు!

నేరు వారసులు లేరు. ఇంత సంపదను ఏం చేయాలి? అప్పటి హైదరాబాద్ రాష్ట్ర పాలనాధికారి వెల్లోడి దీన్ని మ్యూజియంగా నిలపాలని తలపెట్టారు. వస్తువులను ఓ తీరుకు తెచ్చే పనికి ఐరిష్ కవి, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిపించారు. మన మదనపల్లె కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసి, 1919లో రవీంద్రుడికి అక్కడ ఆతిథ్యమిచ్చిన కజిన్సే ఈయన. 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా దేవిడీ తలుపులు జనానికి తెరుచుకున్నాయి. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది.

దివాన్ దేవిడి ఒక్క మేడ కాదు. అద్దాలతో ఆయినాఖానా, గోడల నిండా పింగాణీతో చీనీఖానా, చెక్కపనితనంతో లక్కడ్‌కోట్... ఒక్కో మందిరానిదీ ఒక్కో రుచి. పింగాణీ మీద మోజున్న మనిషి పింగాణీ గోడల మధ్యే తిరిగాడన్నమాట. వస్తువుకూ గదికీ చుట్టరికం ఉన్న ఇల్లది.

అయితే ఇల్లు ఇల్లే. పదిమంది అతిథుల కోసం కట్టిన గదుల్లోకి రోజూ వేలమంది వస్తే? కాపలా, నిప్పు భయం, తేమ... వీటికి జవాబు పాత ఇంట్లో దొరకదు. కొత్త భవనం ఆ లెక్కలన్నీ వేసుకుని కట్టిందే. రెండంతస్తుల్లో గ్యాలరీలు వంపు వెంట వరుసగా సాగుతాయి. వంపు కావడంతో చివర ఎక్కడో కంటికి కనపడదు. అందుకే కాళ్లు నొప్పెడుతున్నా ‘ఇంకొక్క గది’ అనుకుంటూ నడిచేస్తారు. 2000 ప్రాంతంలో చెరోవైపు తూర్పు, పశ్చిమ భవనాలు కలిశాయి. చైనా, జపాన్ వస్తువులకు ఒకటి, యూరప్ వస్తువులకు ఒకటి.

ఈ కట్టడంలో అన్నింటికన్నా సందడిగా ఉండేది గడియారం హాలు. గంట కొట్టడానికి కాసేపటి ముందే జనం చేరి కూర్చుంటారు. పిల్లలు తండ్రుల భుజాలెక్కుతారు. గడియారంలో తలుపు తెరుచుకుని చిన్న బొమ్మమనిషి బయటికొచ్చి టంగు టంగుమని గంట కొట్టి లోపలికెళ్లిపోతాడు. అంతే! అదే చూడ్డానికి గంటసేపు ఆగినవాళ్లూ ఉంటారు. లోగిలికి మండువా ఎలాగో ఈ మ్యూజియానికి ఈ హాలు అలాగ. ఎవరు ఏ గదిలో తప్పిపోయినా చివరికి ఇక్కడే కలుస్తారు.

పెట్టే తీరులో కూడా కట్టే తెలివి ఉండాలని చెప్పే బొమ్మ మరొకటుంది. ఒకే దుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తలవంచుకున్న మార్గరెట్టా. వెనక అద్దం పెట్టబట్టే రెండు ముఖాలూ ఒకేసారి కనపడతాయి. ఆ అద్దం తీసేస్తే సగం శిల్పం పోయినట్టే.

అలాంటి అద్దం మొత్తం మ్యూజియానికీ ఉండాల్సింది. అది దివాన్ దేవిడీయే. ఇప్పుడు గడియారాలన్నీ ఒకచోట, కత్తులన్నీ ఒకచోట, కుర్చీలన్నీ మరోచోట ఉన్నాయి. చదువుకునేవాడికి అది సౌకర్యమే. కానీ ఏ కుర్చీ ఏ కిటికీ పక్కన ఉండేదో, ఆ గడియారం ఎవరిని నిద్ర లేపేదో తెలిపే గోడలు లేవు. మ్యూజియం తరలిపోయాక దేవిడీ క్రమంగా నేలమట్టమైంది. తరలించడం తప్పనిసరి. కూల్చడం మాత్రం కాదు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న చౌమహల్లా ప్యాలెస్ కూడా ఒకప్పుడు పాడుపడినదే. ఓపిగ్గా బాగుచేసి 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో పురస్కారం అందుకుంది. అంటే పాతబస్తీ ఇరుకులో కూడా ఆ పని సాధ్యమేనన్నమాట.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో వెళ్తే పూట చాలదు, రోజంతా పెట్టుకోవాలి. సాయంత్రం బయటికొచ్చాక ఓపికుంటే ఆటో ఎక్కకుండా మదీనా వైపు నడవండి. దివాన్ దేవిడి ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. పాత కమాను ఒక్కటి నిలబడి ఉంటుంది. దాని కిందినుంచి లోపలికెళ్తే హోల్‌సేల్ బట్టల దుకాణాలు. అక్కడ బేరాలు చాలా బాగుంటాయని పేరు.