వెనక సీటు పక్షం

పండగ పూట వేడి గారెలు ముందు పెట్టుకుని ఫోను చూసేవాళ్లని ఏమనాలో నాకు తెలీదు. మా ఇంట్లో మాత్రం బావమరిది అంటారు. వచ్చీ రాగానే "బావగారూ, ఇది చూశారా" అంటూ ఒక ఫొటో నా ముక్కుకి ఆనిస్తాడు. ఎవరో హైవే మీద వెనకాల వెళ్తూ తీసింది. కారు ఒంటినిండా నలుపు తెలుపు సుడుల స్టిక్కరు. ఎక్కడ వంపుందో ఎక్కడ గీత ఉందో కంటికి చిక్కకూడదని కంపెనీవాళ్లే అలా చుట్టి రోడ్డు మీదకి వదుల్తారు. లోపల దిమ్మలు పెట్టి లేని పొట్ట కూడా తెప్పిస్తారు. ఇంత దాచినా వెనక దీపాల దగ్గర మాత్రం ముసుక్కి చిల్లి పెట్టక తప్పదు, వెనకొచ్చేవాడికి బ్రేకు లైటు కనపడాలిగా. మావాడు రెండు వేళ్లతో ఆ చిల్లిని సాగదీసి సాగదీసి, అందులో కనపడే నాలుగు ఎర్రచుక్కల్ని పట్టుకుని, రాబోయే క్రెటా జాతకం మొత్తం చెప్పేస్తాడు.

వాడికో కారుంది. బాగానే నడుస్తోంది. అయినా రాబోయేది వచ్చేదాకా వాడికి నిద్ర పట్టదు, వచ్చాక కొనడు, దాని తర్వాత రాబోయేదాని కోసం చూస్తాడు. ఇలాంటివాళ్లు ఈపాటికి ప్రతి ఇంట్లోనూ ఒకరు తయారయ్యారు కాబట్టి ఎక్కువ వివరించను.

వాడి దగ్గర లెక్కలున్నాయి. మొదటి క్రెటా 2015 జులైలో వచ్చింది. రెండోది 2020 మార్చిలో. దానికే 2024 జనవరిలో మొహం మార్చారు, మరుసటి జనవరిలో బ్యాటరీది దింపారు. పొడవు మొదట 4270 మిల్లీమీటర్లు, తర్వాత 4300, ఆ తర్వాత 4330. "అయితే ఈసారి 4360 అన్నమాట" అన్నాను, ఎక్కాలు మనకీ వచ్చుగదా అని. "అబ్బే, తమ్ముడు పెరిగిపోయాడుగా బావగారూ" అన్నాడు. తమ్ముడంటే సెల్టోస్. ఆ రెండు కార్లు చేసే కంపెనీలూ ఒక గూటివే కాబట్టి వరస కలిపేశాడు. మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో పుట్టిన సెల్టోస్‌కి 2025 డిసెంబరులో రెండో తరం చూపించారు. పొడవు ఒక్కసారే 95 మిల్లీమీటర్లు పెరిగి 4460 అయింది. తమ్ముడు అంత ఎదిగాక అన్న పొట్టిగా ఉంటాడా అన్నది మావాడి తర్కం. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకే మార్చుకున్నారు. అలాంటి ఊరు ఇవాళ క్రెటా పొడవుని నిర్ణయిస్తోందంటే సంతోషించాల్సిందే.

ఇక మిగతా జోస్యాలు. హైబ్రిడ్డు వస్తుందట. ఇప్పుడున్న 10.25 అంగుళాల తెరలు రెండూ ఇంకా సాగుతాయట. ముందు దీపాలు నిలువుగానా, అడ్డంగానా అన్నదాని మీద మావాడికీ వాడి ఆఫీసులో ఇంకొకడికీ మాటల్లేవు. 2020లో వచ్చిన క్రెటా వెనక దీపాలు చూసి జనం ఎంత నవ్వారో గుర్తుండే ఉంటుంది. నవ్వినవాళ్లే వరస కట్టి కొన్నారు. 2024లో వాటిని తీసేసి ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే ఎర్రగీత గీశారు. ఇప్పుడు అందరి కార్లకీ అదే గీత. రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మీద ముందు పోయేది ఎవరి బండో నుదురు చూసి పోల్చుకోవాల్సిందే తప్ప వీపు చూసి లాభం లేదు.

నా కోపం దీపాల మీద కాదు. ఇంతమంది ఇన్ని జోస్యాలు చెప్తున్నారు, మొహం ఎలా ఉంటుంది, వీపు ఎలా ఉంటుంది, చక్రాలెంత, తెరలెంత. వెనక కిటికీ ఎలా ఉంటుందని అడిగినవాడు ఒక్కడు లేడు. ఎందుకంటే కార్ల గురించి మాట్లాడే ప్రతివాడూ స్టీరింగు పట్టుకుని మాట్లాడతాడు. పెద్దమ్మ గుళ్లో పంతులుగారు కూడా కుంకుమతో స్వస్తిక్ వేసేది బానెట్ మీదే కదా. నాకు డ్రైవింగు రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. నాది వెనక సీటు, ఎడమ పక్క. అత్తగార్లు, పిల్లలు, మందుల సంచి, ప్రసాదం పొట్లం, నేను. మా పక్షాన వకాల్తా పుచ్చుకున్నవాడు ఇంతవరకూ లేడు గనక నేనే పుచ్చుకుంటున్నాను.

మీరెప్పుడైనా ఈ ఎస్‌యూవీల్ని పక్క నుంచి నిలబడి చూశారా? కిటికీల కింది గీత డ్రైవరు దగ్గర ఒక ఎత్తులో మొదలవుతుంది. వెనక్కి వచ్చేకొద్దీ పైకి లేస్తుంది. అదే సమయంలో పైకప్పు కిందికి వాలుతుంది. రెండూ కలవబోయే ఇరుకులో మమ్మల్ని కూర్చోబెడతారు. దూకబోతున్న జంతువులా కనపడాలని అలా గీస్తారట. దూకేది కారు, చీకట్లో ఉండేది మేము. పైగా తలుపు వెనక పైకప్పుని మోసే రేకు స్తంభం ఒకటి ఏటికేడాది లావెక్కుతోంది. క్రెటాలో దాని మీదుగా వెండిరంగు పట్టీ ఒకటి వేశారు, బయటివాళ్లు చూసి మురవడానికి. లోపలున్నవాళ్లకి అటు తిరిగితే కనపడేది ప్లాస్టిక్.

దీనికి కారణాలున్నాయని నాకూ తెలుసు. చక్రాలు పెద్దవయ్యాయి, పెద్ద చక్రాల మీద సన్నటి రేకు పెడితే బండి కాళ్లు పొడుగ్గా కనిపిస్తుంది, అందుకని రేకు పెంచారు. పక్క నుంచి గుద్దితే తట్టుకోవాలని 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకి పరీక్ష పెట్టారు, తలుపుల్లో ఉక్కు కడ్డీలు వచ్చాయి. మంచిదే. ప్రాణాలు దక్కాలి. అద్దం కాస్త కిందికి ఉంటే కడ్డీ పారిపోతుందా?

ఆ ఉన్న అద్దమైనా పూర్తిగా దిగదు. వెనక తలుపు కింది మూలని చక్రం గుండ్రంగా కొరికేస్తుంది. అద్దం దిగడానికి లోపల చోటుండదు. బటను నొక్కితే మూడొంతులు దిగి, ఇక నా వల్ల కాదని ఆగిపోతుంది. మోచెయ్యి పెట్టుకుందామంటే అంచు చెవి దగ్గరకి వస్తుంది. ఆ అంచుకి ఒక నల్ల పరదా, ఎండ పడకుండా. నల్ల ఫిల్ము అంటించుకోవడాన్ని సుప్రీంకోర్టు 2012లో వద్దంది కాబట్టి పరదా. అంటే కిటికీ చిన్నది చేసి, మూడొంతులే దించి, మిగిలినదానికి తెర కట్టారు.

బదులుగా ఏమిచ్చారు? సన్‌రూఫ్. 2020 క్రెటాలో పైకప్పంతా పరుచుకున్నది పెట్టారు, ఇక అది లేని బండిని మా బావమరిది బండి అనడు. నోటితో చెప్తే తెరుచుకుంటుంది కూడా. పక్కనున్న పొలం లాగేసుకుని నెత్తిన ఆకాశం పెట్టారు. ఆకాశంలో ఏముందండీ మన దగ్గర? ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం దాకా ఎండ, ఆ తర్వాత వాన. రెంటచింతల మీదుగా మే నెలలో పోతూ సన్‌రూఫ్ తెరిచినవాడుంటే చూపించండి, దండేసి వస్తాను. కొన్న మొదటి వారం పిల్లలు అందులోంచి నిలబడి గాలికి నోరు తెరుస్తారు. అది ప్రమాదమని ఎవరో తిడతారు. ఆ తర్వాత దాని తెర మూసేస్తారు, మళ్లీ బండి అమ్మేరోజున కొనేవాడికి చూపించడానికి తెరుస్తారు.

చిన్నప్పుడు మా ఊరి అంబాసిడర్ టాక్సీలో అన్నవరం వెళ్లేవాళ్లం. సామర్లకోటలో ఎక్కితే పిఠాపురం దాకా కిటికీ పక్క నేను, అక్కణ్ణుంచి మా అక్క. ఇది రాతకోతలు లేని ఒప్పందం, అయినా పిఠాపురం రాగానే నేను నిద్ర నటించేవాణ్ణి. తలుపుకి ఇనప హ్యాండిలు, తిప్పితే కిర్రుమంటూ అద్దం దిగేది. మోచెయ్యి ఆనించి గడ్డం దాని మీద పెడితే గొల్లప్రోలు దగ్గర ఉల్లిపాయల ఘాటు సూటిగా ముక్కులోకి వచ్చేది. ముందు తలుపులకి మూలన త్రికోణపు చిన్న అద్దం ఒకటి ఉండేది. దాన్ని వంచితే బయటి గాలి మొత్తం మలుపు తిరిగి డ్రైవరు మీదకి వచ్చేది. ఏసీ లేదు, ఎవరికీ లోటనిపించలేదు. కత్తిపూడి దగ్గర గేదెలు అడ్డొస్తే చెయ్యి చాపి వాటి వీపు తట్టేవాళ్లం. 1950ల చివర్లో ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చుతో మొదలైన అంబాసిడర్ 2014లో ఉత్తరపాడలో ఆగిపోయేదాకా దాదాపు ఆ ఆకారంతోనే ఉంది. ముందు జాలీ మార్చి మార్క్ 2 అనేవారు, మళ్లీ మార్చి మార్క్ 3 అనేవారు. వచ్చే అంబాసిడర్ ఎలా ఉంటుందో అని పండగపూట గారెలు చల్లారబెట్టుకున్నవాడు ఒక్కడు లేడు. అది మంచి బండని నేననడం లేదు. దాని బ్రేకుల గురించి మా టాక్సీ డ్రైవరు అనే మాటలు ఇక్కడ రాయలేను. కిటికీ మాత్రం కిటికీలా ఉండేది.

మన జాతి కిటికీ జాతి. బస్సు స్టాండులోకి వస్తుండగానే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు సంపాదించిన జనం మనం. టికెట్ డబ్బులు లేకపోయినా ఫరవాలేదు, కిటికీ పక్క సీటు కావాలి. అలాంటివాళ్లకి అద్దాలు ఇంతింత చేసి అమ్ముతుంటే మనమేమో హైబ్రిడ్డు గురించి అడుగుతున్నాం.

పోయిన ఏడాది కొవ్వూరు నుంచి రాజమండ్రి వస్తున్నాం, బావమరిది బండిలోనే. 1974లో తెరిచిన ఆ రోడ్ కమ్ రైలు వంతెన మీదకి ఎక్కగానే కింద రైలు, పైన మేము, చుట్టూ గోదారి. మా అత్తగారు గుడ్డసంచీ ముడి విప్పి నాణెం తీసి కళ్లకద్దుకుని, "అద్దం దించరా" అంది. దించాడు. మూడొంతులు దిగింది. ఆవిడ పొట్టి మనిషి. సీట్లోంచి లేచి, మోకాలు సందులో పెట్టి, చెయ్యి పైకెత్తి విసిరితే నాణెం అద్దం అంచుకి తగిలి టింగుమని వెనక్కొచ్చి సీటు సందులో పడింది. "ఒరేయ్, ఆపరా" అంది. "ఇక్కడ ఆపకూడదమ్మా, వెనక లారీ ఉంది" అన్నాడు. రెండోది విసిరింది, అదీ అంతే. "సన్‌రూఫ్‌లోంచి వేస్తావా?" అన్నాడు వెధవ. గోదావరి తల్లికి చేరాల్సిన డబ్బు ఇప్పటికీ ఆ సీటు కింద వడ్డీ కాస్తోంది.

వెనకటికి రాగి డబ్బులు వేసేవారు, రాగి నీటికి మంచిదని ఒక మాట చెప్పేవారు. ఇప్పుడు రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలు. వేస్తే గోదారికి ఒరిగేదేమీ లేదు గానీ, అసలు వేద్దామంటే ఎవరి దగ్గరుంది చిల్లర? టీ కొట్టులో, పూల బుట్ట దగ్గర, చివరికి చెప్పులు కుట్టే అతని దగ్గర కూడా ఫోను చూపించి ఆ క్యూఆర్ చదరాన్ని గీకడమే. మా అత్తగారి సంచీలో మాత్రం ఉన్నాయి, అవన్నీ పది రూపాయల బిళ్లలు. ఆవిడ దగ్గర ఎందుకున్నాయంటే ఇంట్లో ఎవరికిచ్చినా తిరిగి ఆవిడకే వస్తాయి కాబట్టి. చెల్లవంటారు. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలీదు, అందరూ అంటున్నారు గనక మేమూ అంటున్నాం అంటారు. కూరగాయలామె తీసుకోదు, ఆమెకి హోల్‌సేలువాడు తీసుకోడట. ఆటోవాడు తీసుకోడు, అతనికి బంకులో తీసుకోరట. బస్సులో ఇస్తే కండక్టరు దాన్ని వెనక్కిచ్చి, ఇవ్వాల్సిన చిల్లర టికెట్ వెనక రాసి దిగేటప్పుడు తీసుకోమంటాడు. దిగేటప్పుడు ఆయన ముందు తలుపు దగ్గరుంటాడు, మనం వెనక తలుపు దగ్గరుంటాం. రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే పది రూపాయల బిళ్లలు 14 డిజైన్లలో ఉన్నాయి, అన్నీ చెల్లుతాయి అని తేల్చి చెప్పింది. ఆ వార్త కత్తిరించి మడతపెట్టి పర్సులో పెట్టుకున్నాను. మొన్న మా వీధి చివర కిరాణా కొట్టులో అగ్గిపెట్టె, హారతి కర్పూరం తీసుకుని రెండు బిళ్లలిస్తే తల అడ్డంగా ఊపాడు. కాగితం తీసి చూపించాను. శ్రద్ధగా, చివరిదాకా చదివాడు. మడతపెట్టి వెనక్కిస్తూ, "రిజర్వు బ్యాంకు తీసుకుంటానందిగా, అక్కడే ఇవ్వండి సార్" అన్నాడు.