కుదువ చీటీ

ఈ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగితే ముగ్గురం కలిసి రాస్తామన్నాం. మాలో ఒకరిది సూర్యాపేట దగ్గరి పల్లె, ఒకరిది కోదాడ, ఇంకొకరిది మిర్యాలగూడ. ఒకే హాస్టల్లో, ఒకే గదిలో, పెట్టె మీద పెట్టె పేర్చుకొని చదువుకున్నవాళ్లం. హాస్టల్ జ్ఞాపకాలంటే నీళ్లచారు గురించీ, ఆదివారం గుడ్డు గురించీ అందరూ రాస్తారు. మేం ఆ రేకు పెట్టెలు ఎట్లా వచ్చాయో రాస్తాం.

బియ్యం, దుప్పటి, పుస్తకాలు సర్కారు ఇచ్చింది. పెట్టె, చెప్పులు, బస్సు చార్జీ, పదో తరగతి దాటాక కాలేజీ ఫీజు మాత్రం ఇంటివాళ్లే చూసుకోవాలి. జూన్ వచ్చిందంటే మా మూడిళ్లలో ఏదో ఒక వస్తువు కుదువ దుకాణానికి పోయేది. ఒకరింట్లో అమ్మ పట్టగొలుసులు, ఒకరింట్లో కమ్మలు, ఇంకొకరింట్లో పుస్తెలు. పుస్తెలు పోయిన ఏడు ఆ అమ్మ మెడలో పసుపుకొమ్ము కట్టుకొని నాట్లకు పోయింది. విత్తనాలకూ ఎరువులకూ పైసలు కావలసింది కూడా ఆ నెలలోనే కదా. సాగర్ ఎడమ కాల్వ కింద వడ్లు పండి మిర్యాలగూడ మిల్లులకు చేరితే సంక్రాంతి లోపల వస్తువు ఇంటికొచ్చేది. కాల్వకు నీళ్లు రాని ఏడు వస్తువు అక్కడే ఉండేది, మిత్తి పెరిగేది.

నూటికి మూడు రూపాయలంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. ఏడాదికది 36 రూపాయలు. 5,000 రూపాయలకు మూడేళ్ల మిత్తి 5,400. ఏడాదికోసారి మిత్తిని అసలులో కలిపితే మూడేళ్లకు మొత్తం 12,577 అవుతుంది. చక్రవడ్డీ పాఠం లెక్కల సారు బోర్డు మీద చెప్పిన రోజు మాలో ఇద్దరం నోట్సు చివరి పేజీలో ఇంటి బాకీ లెక్క వేసుకున్నాం. పరీక్షలో ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు!

మా ఊళ్లలో ఒక మాట ఉంది. గడువు దాటితే వస్తువు ‘మునిగింది’ అంటారు. సేటు ఆ మాట అన్నాడంటే ఇక అడిగేదేమీ లేదని మా అమ్మలు వెనక్కి తిరిగి వచ్చేవాళ్లు. మాలో ఒకరు తర్వాత లా చదివారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 176, 177 సెక్షన్లు చదివి వినిపించిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కుదువ పెట్టుకున్నవాడు వస్తువు అమ్మాలంటే ముందుగా తగిన నోటీసు ఇవ్వాలి. అమ్మితే వచ్చిన డబ్బులో తన బాకీ పోను మిగిలింది వస్తువు గలవాళ్లకు ఇచ్చెయ్యాలి. గడువు దాటినా సరే, నిజంగా అమ్ముడుపోయేదాకా, బాకీతో పాటు ఆలస్యం వల్ల అయిన ఖర్చు కట్టి విడిపించుకోవచ్చు. అంటే మునగడం అనేది చట్టంలో లేదు. ఆ కమ్మల ఇంటికి నోటీసూ రాలేదు, మిగులూ రాలేదు.

మరి లైసెన్సులు ఎందుకున్నట్టు? ఉన్నాయి, ఈనాటివి కూడా కావు. నిజాం ఏలుబడిలోనే 1349 ఫస్లీలో, అంటే 1939-40లో, వడ్డీ వ్యాపారుల చట్టం వచ్చింది. కోదాడ దాటి జగ్గయ్యపేట పోతే అది మద్రాసు రాష్ట్రం. అక్కడ 1943లో కుదువ వ్యాపారులకే విడిగా చట్టం చేశారు. కొన్ని మైళ్ల దూరంలో రెండు చట్టాలన్నమాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో కుదువ వ్యాపారుల చట్టం మళ్లీ చేశారు. లైసెన్సు ఇచ్చేది రెవెన్యూ వాళ్లు.

నిజాం నాటి చట్టంలో ఒక గట్టి మాట ఉంది. లైసెన్సు లేకుండా అప్పులిచ్చేవాడు బాకీ కోసం కోర్టుకు పోతే ఆ దావా కొట్టెయ్యాలి. ప్రామిసరీ నోటు మీద అప్పిచ్చినవాడికి ఇది నిజంగా భయమే. కానీ కుదువ సేటు కోర్టుకు ఎందుకు పోతాడు? బంగారం ఆయన బీరువాలోనే ఉంది. కోర్టుకు పోవలసింది మా అమ్మ. ఆమె చేతిలో ఉన్నదల్లా గులాబీ రంగు చీటీ. దాని మీద ఒక నంబరు, అప్పు మొత్తం, ‘వస్తువు ఒకటి’ అన్న రాత. తూకం లేదు, మిత్తి లేదు, సంతకం ఉందో గీత ఉందో తెలియదు.

కోదాడలో మావాడి వాడకట్టులో ఒక దుకాణం రాత్రికి రాత్రే మూతపడింది. పొద్దున తాళం ముందు ఆడవాళ్లందరూ చీటీలు పట్టుకొని నిలబడ్డారు. లైసెన్సు ఉన్న దుకాణమైతే ఏదో ఒక ఆఫీసులో పేరూ చిరునామా ఉండేవి. అక్కడ ఉన్నది అద్దె ఇల్లు, దుకాణం మీద ఒక దేవుడి పేరు. పోలీసులు అడిగితే ఒక్కరూ తమ వస్తువు ఎన్ని గ్రాములో కాగితం చూపించలేకపోయారు.

బ్యాంకులకూ ఫైనాన్సు కంపెనీలకూ రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త నిబంధనలిచ్చింది. 2026 ఏప్రిల్ 1 లోగా అమలు చెయ్యాలంది. అప్పు తీరిన ఏడు పనిదినాల్లో బంగారం తిరిగివ్వాలి, సంస్థ తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలి. చదువురానివాళ్లకు షరతులు సాక్షి ముందు వివరించాలి. మంచిదే. కానీ గల్లీలో ఉండే కుదువ దుకాణానికి ఇవి వర్తించవు. పాసుపుస్తకం లేని కూలి ఇంటామె, ఒక పట్టగొలుసు కొంగులో ముడేసుకొని, రాత్రి ఎనిమిదింటికి పోయేది అక్కడికే. ఆ సమయంలో ఏ బ్యాంకూ తెరిచి ఉండదు. అందుకని దుకాణాలు మూయించాలని మేం అనం.

పోయిన ఏడు సూర్యాపేటలో మాలో ఇద్దరం ఒక చిన్నమ్మ వెంట దుకాణానికి పోయాం. లైసెన్సు చూపమని అడిగితే సేటు గోడమీది లక్ష్మీదేవి పటం పక్కకు వేలు చూపించాడు. అద్దం వెనక కాగితం ఉంది, దాని గడువు ఎప్పుడో అయిపోయింది. రెన్యువల్‌కు ఇచ్చానన్నాడు. సరే సేటూ, చీటీ మీద తూకం, మిత్తి రాసివ్వండి అన్నాం. “ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు” అని విసుక్కున్నాడు గానీ, కాటా మీద కమ్మలు మళ్లీ పెట్టి, చీటీ వెనక రాశాడు: ఆరు గ్రాములు, నూటికి రెండు. మొదట నోటితో చెప్పింది మూడు. చిన్నమ్మకు చదువు రాదు. అయినా ఆ రెండో అంకెను వేలితో రెండుసార్లు తడిమి చూసుకొని చీటీని మడిచి సంచిలో పెట్టుకుంది.