పేరులో ఉన్న ప్రార్థన



మన కడప, నంద్యాల, కర్నూలు ప్రాంతాల్లో పాత సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లు తెరిస్తే దేవదానం, దేవసహాయం, ఆశీర్వాదం, సువార్తమ్మ, కృపమ్మ అనే పేర్లు కనబడతాయి. తరువాతి పుటల్లో ప్రేమ్‌కుమార్, దయామణి, శాంతకుమారి. ఈనాటి పుటల్లో గ్రేసీ, బ్లెస్సీ, జాయ్. "ఈ కొత్త పేర్లకు నోరు తిరగదు అయ్యగారూ" అని పెద్దలంటారు. "పాత పేర్లు పెడితే బడిలో నవ్వుతారు" అని చిన్నవారంటారు. నిజానికి గ్రేసీ అంటే కృపమ్మే, బ్లెస్సీ అంటే ఆశీర్వాదమే. అంగీ మారింది గాని మనిషి మారలేదు.

ఈ పేర్ల వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1822లో లండన్ మిషనువారు కడపలో సేవ ప్రారంభించారు. తరువాత నంద్యాల వైపు ఎస్.పి.జి. మిషనువారు వచ్చారు. సువార్తను నమ్మినవారిలో ఎక్కువమంది ఊరి వెలుపల మాల, మాదిగ పల్లెల్లోనివారు. ఊరిలో వారిని నిండు పేరుతో పిలిచేవారు అరుదు. చివర 'గాడు' అనో, 'ది' అనో తగిలించేవారు. అట్టివారికి బాప్తిస్మములో మంచి పేరు దొరికింది. "ఏరా ఆశీర్వాదం!" అని కసిరినవాని నోట కూడా ఆశీర్వాదమే వచ్చింది! కాబట్టి పేరు చిన్న సంగతి కాదు.

రాహేలు ప్రాణము పోవుచుండగా తన దుఃఖమును బట్టి కుమారునికి బెనోని అని పేరు పెట్టింది. యాకోబు ఆ దుఃఖమును బిడ్డ మీద మోపక బెన్యామీను అని పిలిచాడు (ఆది. 35:18).

మా సంఘములో ఒక ఇంట వరుసగా మూడవ ఆడబిడ్డ పుట్టింది. ఆ ఏడు వానలు లేక శెనక్కాయ పంట ఎండిపోయింది. "ఆడపిల్లలు ఇక చాలు అనే అర్థమొచ్చే పేరు పెట్టండి అయ్యగారూ" అని జేజి పట్టుపట్టింది. బాలింతరాలు తల ఎత్తలేదు. ఆ జేజి పేరుకు అర్థము సంతోషము. "అవ్వా, నీవు మీ నాయనకు ఎన్నో బిడ్డవు?" అని అడిగాను. "నాలుగో ఆడపిల్లను" అన్నది. "అయినా నీకు ఈ పేరు పెట్టినారే!" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "అయితే నా పేరే పెట్టండి" అని బిడ్డను ఒడిలోకి తీసుకున్నది.

ఇప్పుడు తల్లి పేరులో ఒక అక్షరము, తండ్రి పేరులో ఒక అక్షరము కలిపి కొత్త పేర్లు అల్లుతున్నారు. అది తప్పని నేననను. అయితే "నా పేరుకు అర్థమేమి?" అని రేపు బిడ్డ అడిగితే చెప్పడానికి ఒక మంచి మాట ఉండాలి గదా!

పేరు పెట్టుట ఒక దినపు పని. ఆ పేరుకు తగినట్లు పెంచుట ఇరవై ఏండ్ల పని. శాంతి అని పేరు పెట్టి ఇంట్లో నిత్యము కలహమైతే, నిరీక్షణ అని పేరు పెట్టి ఏడవ తరగతిలోనే బడి మాన్పిస్తే, ఆ పేరే మన మీద సాక్ష్యము పలుకును. తల్లిదండ్రులారా, మీ బిడ్డను పిలిచిన ప్రతిసారీ మీరు చేసిన ప్రార్థనను జ్ఞాపకము చేసుకొనుడి. ప్రభువు మన బిడ్డలను దీవించును గాక! ఆమేన్.