బెండు మునిగేదాకా

గాలం వేయాలనుకున్నవాడికి కావాల్సినవి తక్కువే. వెదురు కర్ర, నైలాన్ దారం, ముల్లు, చిటికెన వేలంత బెండు, గుప్పెడు ఎర. ఆరోది నది. దాన్ని ఎవరూ సంచిలో పెట్టుకెళ్లరు. అది అక్కడే ఉంటుందని నమ్మకం.

రాయ్‌పూర్ రైల్వే స్టేషన్‌కు ఆవలివైపున్న గుఢియారీలో చలికాలపు ఆదివారం తెల్లవారకముందే సైకిలెక్కే ఓ రిటైర్డ్ రైల్వే ఉద్యోగిదీ అదే నమ్మకం. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం ఆయనది. వెనక సీటుపై మనవడు. వెళ్లేది మహాదేవ్ ఘాట్‌కు కాస్త ఎగువన, ఖారున్ ఒడ్డుకు.

ఎర నేలకు జానెడు ఎత్తులో వేలాడేలా ఆయన బెండును దారంపై పైకీ కిందికీ జరుపుతారు. కొస మాత్రమే నీటిపై కనిపించేలా సీసపు గుండు బిగిస్తారు. బెండు వణికితే చిన్న చేపలు ఎరను కొరుకుతున్నట్టు. ఉన్నట్టుండి పైకి తేలి పక్కకు ఒరిగితే అడుగున మేసే చేప ఎరను గుండుతో సహా ఎత్తినట్టు. నింపాదిగా మునిగితేనే కర్ర లేపాలి.

"ఎంతసేపు తాతా?" అని మనవడి గొణుగుడు.

"నన్నడిగితే ఏం లాభంరా? బెండునడుగు."

రాయ్‌పూర్ తాగే నీరు ఖారున్‌దే. ఊరి మురుగు కాలువలు చేరేదీ అందులోకే. ఆ మురుగుకు తట్టుకున్న చేపలే గాలానికి దొరకాలి. అయినా ఒడ్డున కూర్చోవద్దని ఇక్కడ ఎవరూ అనలేదు. ఖారున్ వెళ్లి కలిసే శివనాథ్ మీద మాత్రం ఆ మాట వినిపించింది.

1998లో, ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్నప్పుడు, దుర్గ్ సమీపంలో 23.6 కిలోమీటర్ల మేర శివనాథ్‌ను 22 ఏళ్ల ఒప్పందంపై ఓ ప్రైవేటు సంస్థకు అప్పగించారు. బోరయీ పారిశ్రామిక వాడకు నీళ్లివ్వడం దాని పని. తరతరాలుగా అక్కడ వలలు వేసినవారిని, స్నానాలు చేసినవారిని నదిలోకి దిగొద్దన్నారు. ఆందోళనలు చెలరేగాయి. ఒప్పందాన్ని రద్దు చేస్తామని 2003లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. రద్దే మేలని 2007లో శాసనసభ ప్రజా పద్దుల సంఘం కూడా సిఫార్సు చేసింది. ఒప్పందం మాత్రం అంత తేలిగ్గా కదల్లేదు.

అలాగని గాలం వేసేవారికి ఆంక్షలు కొత్త కాదు. ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు ఛత్తీస్‌గఢ్ నదుల్లో చేపల వేట నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ నిషేధం ఎందుకో పిల్లవాడికైనా ఒక్క మాటలో చెప్పొచ్చు, అదీ అందరికీ ఒకటే. కర్రను అటకెక్కించి రెండు నెలలు ఇంట్లో కూర్చోవడం పెద్ద కష్టమేం కాదు, ఆగస్టు 16న నది దగ్గరకు మళ్లీ వెళ్లొచ్చన్న భరోసా ఉంటే.