ప్లగ్గులో అడ్డు ఎంత?

మీ ఇంట్లో కప్‌చాయ్ ఉందా? మలేసియాలో మన తెలుగువాళ్ల ఇళ్లలో, ముఖ్యంగా ఎస్టేటు నుంచి వచ్చిన కుటుంబాల్లో, ఆ చిన్న మోటారు సైకిలు తెలియనివాళ్లు ఉండరు. అది తెల్లవారుజామున స్టార్ట్ కాకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

మా చిన్నాన్నకి అలాగే రెండు రోజుల కూలి పోయింది. ఆయనది పాత హోండా ఈఎక్స్5. వాన పడితే చాలు, పామాయిల్ తోటల మధ్య దారిలో ఆగిపోయేది. ఒక బెంకెల్‌కి తీసుకెళ్లారు. అక్కడి మనిషి ప్లగ్గు తీసి, మీటరు పెట్టి, "5,000 ఓమ్‌లు చూపిస్తోంది, ఇది పోయింది" అన్నాడు. కొత్త ప్లగ్గు వేశాడు, డబ్బు తీసుకున్నాడు. మర్నాడు వానలో బండి మళ్లీ ఆగింది. ఇంటికి వచ్చి కొత్తదానికీ మీటరు పెట్టి చూశాం. అదీ 5,000 చుట్టూనే చూపించింది!

ఆ అంకె జబ్బు కాదు. ప్లగ్గు మీద రాసిన అక్షరాలు చదవండి. ఎన్‌జీకే వాళ్ల సీ6హెచ్‌ఎస్‌ఏ అనే ప్లగ్గులో అడ్డు పెట్టలేదు. మీటరు దాదాపు సున్నా చూపాలి. సీఆర్6హెచ్‌ఎస్‌ఏ అని ఉంటే, మధ్యలోని 'ఆర్' అక్షరానికి అర్థం ఉంది: లోపల కావాలనే సుమారు 5,000 ఓమ్‌ల అడ్డు పెట్టారు. నిప్పురవ్వ పుట్టినప్పుడు రేడియోలో గరగర వస్తుంది. ఇంజక్షన్ బండిలోని చిన్న కంప్యూటరు కూడా తికమక పడవచ్చు. ఆ అడ్డు దాన్ని తగ్గిస్తుంది.

తెలుగు పుస్తకాల్లో దీన్ని 'నిరోధం' అంటారు. చిన్నాన్న మాత్రం "కరెంటుకి అడ్డు" అంటారు. నాకు ఆయన మాటే నచ్చుతుంది. మీ పిల్లలకీ అదే ముందు నేర్పండి, పుస్తకం మాట తర్వాత వస్తుంది.

ఇంజను చల్లారాకే ప్లగ్గు విప్పండి. వేడి మీద విప్పితే అల్యూమినియం మరలు చెడిపోవచ్చు. మసి, పెట్రోలు తుడవండి. మీటరును 20 కిలో ఓమ్‌ల దగ్గర పెట్టండి. ఒక తీగ ప్లగ్గు పై కొనకి, ఇంకొకటి కింద నడిమి కడ్డీకి ఆనించండి. 'ఆర్' ప్లగ్గులో 5 దగ్గర కనిపిస్తే మంచిదే. కొంచెం అటూ ఇటూ ఉన్నా భయం లేదు. అసలు ఏమీ చూపకపోతే లోపల తెగిందని అర్థం.

తర్వాత మీటరును అన్నిటికన్నా పెద్ద అంకెకు తిప్పండి. ఒక తీగ నడిమి కడ్డీకే ఉంచి, రెండోది మరలున్న ఇనప భాగానికి పెట్టండి. ఇక్కడ కరెంటు అసలు దాటకూడదు. ఏదైనా అంకె కనిపిస్తే పింగాణీ మీద మసి పట్టి ఉండవచ్చు, లేదా పగిలి ఉండవచ్చు. రెండు కొనలనూ వేళ్లతో పట్టుకోకండి, మీ ఒంట్లోంచే కరెంటు దాటి మీటరు అబద్ధం చెబుతుంది.

ఒక సంగతి మాత్రం మరవకండి. మీటరులో ఉండేది చిన్న బ్యాటరీ. ప్లగ్గుకి వచ్చేది వేల వోల్టులు. మీటరు బాగుందన్న ప్లగ్గు కూడా ఇంజనులో రవ్వ ఇవ్వకపోవచ్చు. అందుకే అనుమానం ఉంటే, బాగా నడిచే బండి ప్లగ్గు తెచ్చి వేసి చూడండి.

ఇంతకీ చిన్నాన్న బండికి ఏమైంది? ప్లగ్గు మీద తొడిగే రబ్బరు క్యాపు పగిలింది. వాన నీళ్లు అందులోకి దిగి, కరెంటు పక్కకి పోయేది. క్యాపు మార్చాం. పాత ప్లగ్గే మళ్లీ వేశాం. కొత్తది సీటు కింద పెట్టెలో ఉంది.